ఇస్త్రీ చెయ్యని చొక్కా

ప్రదర్శన పెట్టిన రెండో రోజు ఒకావిడ చేతిసంచీతో హాల్లోకి వచ్చి తెల్లచొక్కా ముందు ఆగింది. వెనక్కి జరిగి చూసింది, దగ్గరికి వచ్చి చూసింది, కాలరు లోపలికి తొంగిచూసి, "ఇందులో నలభై రెండు సైజు ఉందా అమ్మా?" అని అడిగింది.

ఆ చొక్కా మట్టిది. పన్నెండు వందల డిగ్రీల మంటలో కాలి వచ్చింది. దాన్ని తొడుక్కోబోతే ముందు చొక్కా పగులుతుంది, తర్వాత తొడుక్కున్నవాళ్లకు కుట్లు పడతాయి. ఆ సంగతి చెప్పడానికే దాన్ని చేసిన గుండుసూది నోరు తెరిచింది గానీ, పాతికేళ్ల అలవాటు ముందుగా జారిపడింది. "పై అంతస్తులో అడగండి," అనేసింది. ఆ భవనానికి పై అంతస్తే లేదు. పాపం ఆవిడ మెట్ల కోసం చాలాసేపు వెతికింది.

గుండుసూది అన్నది బట్టల కొట్టులో పడ్డ పేరు. పనిచేస్తున్నంతసేపూ డజను గుండుసూదులు పెదవుల మధ్య బిగించి, వాటి సందుల్లోంచే మాట్లాడేది కాబట్టి ఆ పేరు పెట్టామని తోటివాళ్లు చెప్పేవారు. మాట కూడా గుచ్చుకుంటుందన్న రెండో కారణం ఆమె లేనప్పుడు చెప్పుకునేవారు. ఇప్పుడామెకు యాభై ఆరేళ్లు. మట్టితోనూ బట్టతోనూ శిల్పాలు చేస్తుంది. ఆ మాట ఆమె ఒక్కతే అనుకుంటే సరిపోదు, నలుగురూ అనాలి. ఆ నలుగురూ సైజు అడుగుతున్నారు.

పందొమ్మిదేళ్లకు ఆమె ఆ కొట్టులో బట్ట కొలిచి చింపే పనికి చేరింది. నాలుగంతస్తుల కొట్టు, వీధివైపు ఆరు షోకేసులు. వాటికొక డిస్‌ప్లే మాస్టరు ఉండేవాడు. నవ్వడం తన ఉద్యోగంలో భాగం కాదనుకునే మనిషి. ఈమె తాను చింపిన బట్టను మడతపెట్టే తీరు వారం రోజులు గమనించి, ఎనిమిదో రోజున ఏమీ అడక్కుండా ఒక సూదుల పెట్టె ఆమె చేతిలో పెట్టి రమ్మన్నాడు. అలా మొదలైంది.

మాస్టరు దగ్గర నియమాలు తక్కువ, తిట్లు ఎక్కువ. పనిచేసేటప్పుడు అద్దానికి లోపలి నుంచి గోధుమరంగు కాగితం అంటించాలి. తయారవుతున్న వస్తువును రోడ్డు చూడకూడదు. ముందు నుంచి ఒక్క సూది కనపడకూడదు, వెనకాల ఎన్ని తిప్పలున్నా ఎవరికీ అక్కర్లేదు. ప్రతి బట్టనూ ఇస్త్రీ చేశాకే బొమ్మకు తొడగాలి. "ముడత ఉందంటే ఎవరో తొడిగి విప్పినట్టు. ఒకడు విప్పిన బట్ట ఇంకొకడు కొనడు అమ్మాయ్," అనేవాడు. ఇక అన్నిటికంటే పెద్ద నియమం, పదిహేనో రోజు పీకెయ్యడం. ఎంత బాగా కుదిరినా సరే, ఊరంతా ఆగి చూస్తున్నా సరే, పదిహేనో రోజు పొద్దున్నే కాగితం అంటించి మొత్తం విప్పెయ్యాలి.

ఆ పనిలో ఆమెను మించినవాళ్లు లేకుండా పోయారు. కంటికి ఆనని నైలాన్ దారాలతో దుప్పట్లను గాల్లో ఎగరేసింది. బొమ్మలు నిలబెట్టే పీట కింద చిన్న ఫ్యాను దాచి గౌన్లకు గాలి పోసింది. ఆమె భర్త కూడా ఆ షోకేసులోంచే దొరికాడు. మూడో షోకేసు వెనక గోడకు కరెంటు మీటరు ఉండేది. రీడింగు తీసుకోవడానికి వచ్చిన మీటరాయన, కాగితం తప్పించుకుని నేరుగా లోపలికొచ్చి, ఆమె మూడు రోజులు కష్టపడి పరిచిన తెల్ల పరుపుగుడ్డ మీద బూట్లతో నిలబడి అంకె రాసుకున్నాడు. ఆమె సూదులు ఉమ్మేసి మరీ తిట్టింది. అతను బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, తను వేసిన అడుగుల మీదే అడుగులు వేసుకుంటూ వెనక్కి వెళ్లాడు. మరుసటి నెల ముందుగానే బూట్లు విప్పుకుని వచ్చాడు. ఆ తర్వాతి నెల రీడింగు తేదీ కాకపోయినా వచ్చాడు.

ఇరవై నాలుగేళ్లలో ఆమె నిలబెట్టి, పీకేసినవి రెండు మూడు వేలుంటాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. కనీసం ఫోటోలైనా ఉంటాయని కొట్టు ఆఫీసుకు వెళ్లి అడిగితే, ఉన్న నాలుగింటి మీదా అడ్డంగా తగ్గింపు ధరల అక్షరాలు అచ్చేసి ఉన్నాయి. ఆ రోజు ఆమెకు ఒళ్లు మండిపోయింది. నా చేత్తో చేసింది ఒక్కటైనా, నేను పీకకుండా, ఇంకెవరూ పీకకుండా, ఎక్కడో ఒకచోట నిలబడి ఉండాలి. ఈ మాట ఆమె ఇంట్లో చాలాసార్లు అన్నది. మీటరాయన ప్రతిసారీ, "గోడ గడియారం ఉందిగా, పన్నెండేళ్ల నుంచి అక్కడే ఉంది," అనేవాడు. ఓదార్పు ఆయనకు అంతవరకే చేతనవును.

తర్వాత కొట్టుకు కొత్త యాజమాన్యం వచ్చింది. షోకేసుల్లో నిలువెత్తు టీవీలు పెట్టారు. బొమ్మల్ని చేతులూ కాళ్లూ విడదీసి గోదాములో పడేశారు, మాస్టరును ఇంటికి పంపారు, గుండుసూదిని బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. నెల తిరక్కుండా ఆమె రాజీనామా కాగితం ఇచ్చింది. దాన్ని కూడా ఎనిమిది సూదులతో నోటీసు బోర్డుకు గుచ్చి మరీ ఇచ్చింది.

మట్టి ఎక్కడి నుంచి వచ్చిందంటే, వాష్‌బేసిన్ల ఫ్యాక్టరీ నుంచి. ఒకప్పుడు తువ్వాళ్ల షోకేసు కోసం బేసిన్లు అరువు తెచ్చుకోవడానికి ఆమె అక్కడికి వెళ్లేది. తడిమట్టిని పోసిన అచ్చులు చూసినప్పుడల్లా ఆమె వేళ్లు ఊరుకునేవి కావు. ఉద్యోగం మానేశాక తిన్నగా వెళ్లి బట్టీ మేస్త్రిని అడిగింది, మీ బట్టీలో నాకొక మూల ఇవ్వండి, నావీ కాల్చుకుంటానని.

"ఇది కమోడ్ల బట్టీ అమ్మగారూ. కళలవీ ఇక్కడ కాలవు," అన్నాడు మేస్త్రి.

ఆమె రోజూ వెళ్లి కూర్చుంది. మూడో వారానికి మేస్త్రి విసుగెత్తిపోయి కింది అరలో కుడివైపు మూరెడు చోటిచ్చాడు.

ఆమె పద్ధతి ఇది. పాత బట్టను పలచటి మట్టిలో ముంచాలి, లోపల కాగితాలు కూరి నిలబెట్టాలి, ఆరుతుంటే పైన మళ్లీ మళ్లీ మట్టి పూయాలి. బట్టీలో పెడితే బట్ట కాలిపోతుంది, కాగితం కాలిపోతుంది, మట్టి మిగులుతుంది. ఆ మట్టి మీద నేతలోని పోగు పోగూ లెక్కపెట్టుకోవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. చెయ్యబోతే తల ప్రాణం తోకకొస్తుంది. మొదటిసారి అలవాటు కొద్దీ నలభై గుండుసూదులు మడతల్లోనే వదిలేసింది. అవి మంటలో కరిగి, ఉబ్బి, పేలి, పక్క అరలో ఉన్న పదకొండు తెల్ల బేసిన్ల మీద నల్లటి మచ్చలు పోశాయి. మశూచి వచ్చినట్టున్న ఆ బేసిన్లను వరసగా పేర్చి మేస్త్రి ఆమెను పిలిపించాడు. ఒక్కొక్కటీ చూపించాడు, పదకొండూ చూపించాడు. అప్పటి నుంచి ఆమె నలభై పెడితే నలభై లెక్కపెట్టి తీస్తుంది.

పన్నెండేళ్లు ఇలా గడిచాయి. పెట్టినవాటిలో సగం పగిలేవి, మిగతా సగంలో సగం వంగేవి. కొత్త బట్ట మాట వినదు, చెక్కలా నిలబడుతుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్టే కావాలి. అలాంటి బట్ట ఉన్నది ఇంట్లో మీటరాయన బీరువాలో. ఆయన చొక్కాలు ఒక్కటొక్కటే మాయమవుతూ వచ్చాయి. మొదట్లో అడిగేవాడు, తర్వాత లెక్క మాత్రం పెట్టుకునేవాడు. "పెళ్లప్పుడు పద్నాలుగు చొక్కాలతో వచ్చాను. ఇప్పుడు ఆరున్నాయి. నన్ను ముంచే రోజు ఎప్పుడో ముందే చెబితే స్నానం చేసి కూర్చుంటాను," అనేవాడు.

ఊళ్లో గ్రంథాలయానికి కొత్త భవనం కట్టారు. ముందు హాల్లో శాశ్వతంగా ఉండేలా ఒక శిల్పం కావాలని ప్రకటన ఇచ్చారు. శాశ్వతంగా అన్న మాట దగ్గర గుండుసూది కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. అందుకోసమే ఈ ప్రదర్శన పెట్టింది. ఆరు చొక్కాలు, ఒక గౌను, రెండు తువ్వాళ్లు. ఎంపిక చేసేది ఒక తెల్లజుట్టు టీచరు. నలభై ఏళ్లు రాయి చెక్కి, చెక్కడం నేర్పి, వేళ్లు కొంకర్లు పోయిన పెద్దావిడ. నాలుగో రోజున ఆవిడ వచ్చింది.

ఒక్కో చొక్కా ముందూ ఆగింది. నేతను మెచ్చుకుంది, చెయ్యి మెచ్చుకుంది. గుండుసూది గుండె పైకి లేస్తుండగా ఆవిడ అడిగింది, వీటిని మట్టిలో ముంచే ముందు ఏం చేస్తారని.

"ఇస్త్రీ చేస్తానండీ," అంది గుండుసూది. అది కూడా అడగాలా అన్నట్టుగా అంది.

"అదే అనుకున్నాను," అంది టీచరు. "పని చాలా గొప్పగా ఉందమ్మా. కానీ ఒక్క చొక్కాలోనూ మనిషి లేడు. అన్నీ ఎవరో వచ్చి కొనుక్కుంటారని ఎదురుచూస్తున్నట్టున్నాయి." మూడు వారాల తర్వాత చివరి ముగ్గురివీ గ్రంథాలయంలో చూస్తానని, ఆమెను ఆ ముగ్గురిలో ఉంచుతున్నానని, అయితే వీటిలో ఏదీ తేవద్దని, ఇంకొకటి చేసి తెమ్మని చెప్పి వెళ్లిపోయింది.

ఆ మాట గుండుసూదికి కారం రాసినట్టు అంటుకుంది. ఇంటికొచ్చి గిన్నెలు విసిరింది. మనిషి లేడట. ఇరవై నాలుగేళ్లు మనిషి ఆనవాలు కనపడకుండా చెయ్యమని తిట్టి తిట్టి నేర్పారు, ఇప్పుడు అదే తప్పంటారు. పోనీ, ముడతలే కదా కావాలి. మిగిలిన పాత చొక్కాలు ముందేసుకుని కూర్చుంది. నలిపింది, పిండింది, ఉండ చుట్టి మీద కూర్చుంది. తీరా మట్టిలో ముంచి నిలబెట్టాక చూసుకుంటే, తనకు తెలియకుండానే ముడతల్ని కూడా అందంగా సర్దేస్తోంది. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు, మోచెయ్యి దగ్గరొకటి, కదలకుండా ఒక్కోదానికీ ఒక్కో సూది. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. ఆ మట్టిచొక్కాను అలాగే ఎత్తి తొట్టిలో పడేసింది.

వారం పోయింది. బట్టీని మరమ్మతుకు ఆపేస్తున్నామని, సోమవారం పెట్టేదే ఆఖరని మేస్త్రి కబురు పంపాడు. సోమవారానికి లోపల మట్టి ఆరాలంటే ఆ శనివారం సాయంత్రానికల్లా ముంచి తీరాలి. ఆ సాయంత్రం ఆమె స్నానాలగదిలో చేతులు కడుక్కుని తలెత్తేసరికి, తలుపు వెనక మేకుకు మీటరాయన లేత ఆకుపచ్చ చొక్కా వేలాడుతోంది. అప్పుడే విప్పి వెళ్లినట్టుంది.

ఆ చొక్కా సంగతి చెప్పాలి. మూడేళ్ల కిందట పదవీ విరమణ రోజున ఆఫీసువాళ్లు ఇచ్చింది. ఆయనకు ప్రాణం. వారంలో నాలుగు రోజులు అదే, మిగతా మూడు రోజులు అది ఆరేదాకా ఎదురుచూపులు. ఎందుకంత ఇష్టమంటే, ఏమో, ఇది తొడుక్కుంటే భుజాల మీద హాయిగా ఉంటుంది అనేవాడు. ఎందుకు హాయిగా ఉంటుందో గుండుసూదికి తెలుసు. ముప్ఫై అయిదేళ్లు మీటరు పుస్తకాలూ పనిముట్లూ ఉన్న సంచీ ఎడమ భుజాన మోసి మోసి ఆయనకు ఆ భుజం రెండు వేళ్ల మేర కిందికి జారిపోయింది. పెళ్లయిన కొత్తలో, ఇంకా ఒక వేలు మేరే జారి ఉన్నప్పుడే, ఆమె కన్ను అది పట్టేసింది. జారిన భుజం ఉన్న బొమ్మను షోకేసులో నిలబెట్టని మనిషి, ఇంట్లో మాత్రం ఊరుకుంటుందా? ఏ చొక్కా వచ్చినా ఎడమ భుజం కుట్టు విప్పి, లోపల పలచగా దూది పెట్టి, మళ్లీ కుట్టేసేది. ఆయనకు చెప్పలేదు. చొక్కాలన్నీ కొట్టులోంచి అలాగే వస్తాయనుకున్నాడాయన. ఈ ఆకుపచ్చ చొక్కా వచ్చేనాటికి ఆమె మోచేతుల దాకా మట్టిలో ఉంది. కుడదాం, కుడదాం అనుకుంటూనే మూడేళ్లు అయిపోయింది.

అడిగితే ఇవ్వడని తెలుసు. అడగలేదు. మేకు మీంచి తీసి, తీసినది తీసినట్టుగా ముంచేసింది.

లోపల కాగితాలు కూరుతుంటే చొక్కా తనంతట తాను లేచి కూర్చున్నట్టయింది. మోచేతులు వంగి ఉబ్బాయి. కళ్లజోడు పెట్టె పెట్టుకునే జేబు సాగి నోరు తెరిచింది. ఎడమ భుజం కిందికి జారింది. దాన్ని ఎత్తడానికి ఆమె చెయ్యి వెళ్లింది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, రెండింటినీ ఒళ్లో పెట్టుకుని, అది ఆరేదాకా కదలకుండా కూర్చుంది. ఆ రోజు ఒక్క సూది కూడా పెట్టలేదు.

మీటరాయన మర్నాడు పొద్దున్న మేకు చూశాడు, బట్టల బుట్ట చూశాడు, ఆరేసిన తాడు చూశాడు. తర్వాత వెనకగదిలోకి వచ్చి మట్టిరంగులో నిలబడ్డ చొక్కాను చూశాడు.

"అదేనా?" అన్నాడు.

"అదేనండీ."

"ఇంకో అయిదు ఉన్నాయిగా లోపల."

ఆయన అరవలేదు. అరిస్తే తనూ అరిచేది, అంతటితో పోయేది. ఆయన స్వెట్టరు తొడుక్కుని బయటికి వెళ్లాడు. ఎండ పేలిపోతోంది. నాలుగు రోజులు ఆ స్వెట్టరులోనే తిరిగాడు. ఎదురింటివాళ్లు జ్వరమా అని అడిగితే, "కాదండీ, బట్టల్లేవు," అని చెప్పాడు. ఆమెకు కోపం, సిగ్గు, జాలి, మూడూ కలిసి వచ్చి, ఏది ముందు పడాలో తెలియక కూర ఉప్పగా చేసింది.

గురువారం గుండుసూది వెళ్లేసరికి బట్టీ తెరుస్తున్నారు. అప్పుడే కాలిన మట్టి పెళుసుగా ఉంటుందని, ఇద్దరు మగాళ్లు కావాలని మేస్త్రి మీటరాయనకే ఫోన్ చేశాడు. ఆయన స్వెట్టరులో వచ్చాడు. బట్టీ ముందు ఆ స్వెట్టరు చూసి మేస్త్రి ఏదో అనబోయి మానుకున్నాడు. ఇద్దరూ కలిసి బేసిన్ల మధ్య నుంచి చొక్కాను ఎత్తి బల్ల మీద నిలబెట్టారు. పగల్లేదు. నడుము అంచు మీద దానంతటదే నిలబడింది, తెల్లగా, కాస్త పక్కకు ఒరిగి. మేస్త్రి చొక్కా వంక చూశాడు, ఆయన వంక చూశాడు. చెయ్యి కడుక్కుని వస్తానంటూ వెళ్లిపోయాడు.

మీటరాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎడమ భుజం ఇంత కిందికుందా నాకు?"

"ఉందండీ. పెళ్లినాటి నుంచే ఉంది."

"మిగతా చొక్కాల్లో కనపడదే?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. దూది సంగతి చెప్పేసింది. మొదటి చొక్కా నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన తన స్వెట్టరు ఎడమ భుజాన్ని కుడిచేత్తో పట్టుకునే ఉన్నాడు.

"అంటే ఇన్నేళ్లూ నన్ను కూడా షోకేసులోనే పెట్టావన్నమాట," అన్నాడు.

నలుగురిలో ఆయన్ని ఒక్క మాట పడనివ్వకూడదనే ఆ పని చేశానని ఆమె నమ్ముతూ వచ్చింది. ఇప్పుడు ఆ చొక్కా పక్కన నిలబడి ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆమెకు తన మీద తనకే ఏడుపొచ్చింది. "ఇది గ్రంథాలయంలో పెడితే రోజూ వందల మంది చూస్తారు. మీకు ఇష్టం లేకపోతే పెట్టను. ఇక్కడే పగలగొట్టేస్తాను," అంది. ఆ క్షణాన నిజంగానే అంది. పన్నెండేళ్లుగా ఎదురుచూసినది చేతికందాక ఆ మాట అనగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

ఆయన అవుననలేదు, కాదనలేదు. బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో మాటలు లేవు. ఆమె రెండుసార్లు అడిగింది. ఆయన రెండుసార్లూ పేపరు పేజీ తిప్పాడు. గ్రంథాలయం వ్యాను వచ్చిన రోజు శిల్పాన్ని ఎత్తడానికి ఒక చెయ్యి వేశాడు, గుడ్డలు చుట్టాడు, తలుపు వేశాడు, నోరు మాత్రం విప్పలేదు. ఒప్పుకున్నట్టా? వస్తువు పగలకూడదని చెయ్యి వేశాడా? అడిగితే మళ్లీ పేజీ తిప్పుతాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు. ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఆయన తన నోటితో సరే అనకపోతే, టీచరు ఎదుటే ఇవ్వనని చెప్పేసి, వెనక్కి తెచ్చుకుంటుంది. ఒకసారి అడక్కుండా తీసుకుంది. రెండోసారి తీసుకోదు.

ఎంపిక రోజు పొద్దున్న ఆయన కనపడలేదు. ఆమె ఒక్కతే వెళ్లింది.

హాలు మధ్యలో మూడు పీటల మీద మూడు పెట్టారు. ఒకటి ఇత్తడి పక్షి, ఒకటి నల్లరాతి పుస్తకం, ఒకటి చొక్కా. టీచరు పక్షి దగ్గర కాసేపు ఆగింది, పుస్తకం దగ్గర కాసేపు ఆగింది. చొక్కా దగ్గరికి వచ్చాక చేతికర్రను గ్రంథాలయాధికారికి ఇచ్చేసి చుట్టూ నడిచింది. వెనక్కి వెళ్లింది. మోచెయ్యి దగ్గర వంగి చూసింది. సాగిన జేబులోకి చూసింది. ఆవిడ ఎంతకీ ముందుకు రాకపోతే గుండుసూదికి చిరాకేసింది. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చుగా, మీరు చెబితే నేను వద్దని చెప్పుకుని పోతాను, అనుకుంది.

టీచరు అధికారి వైపు తిరిగి, తలుపు పక్కన కిటికీ కింద ఉన్న బెంచీ చూపించింది. "ఆ బెంచీ తీయించండి. ఇది అక్కడుంటుంది. చుట్టూ తిరిగి చూసేలా కాస్త చోటు వదలండి," అంది.

గుండుసూది ఒకడుగు ముందుకు వేసింది. "అమ్మా, నేనొక మాట చెప్పాలి," అంది.

టీచరు వినిపించుకోలేదు. ఇంకా చొక్కానే చూస్తోంది. ఎంత ఖరీదనీ అడగలేదు, ఎలా చేశావనీ అడగలేదు.

"ఎవరిదమ్మా ఇది?" అని అడిగింది.

గుండుసూది నోరు తెరిచింది. చేసింది తను. కానీ ఆవిడ అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

వెనక నుంచి బూట్ల చప్పుడు వినపడింది. మీటరాయన తలుపు దగ్గర నుంచి హాలు దాటి వస్తున్నాడు. స్వెట్టరు లేదు. నీలం చొక్కా తొడుక్కున్నాడు. దాని ఎడమ భుజం కుట్టును ఎవరో చేతకానివాళ్లు బ్లేడుతో కోసి, దూది లాగేసి, లావుపాటి నల్లదారంతో వంకరటింకరగా మళ్లీ కుట్టారు. భుజం ఎక్కడిదాకా జారాలో అక్కడిదాకా జారి ఉంది. ఆయన వచ్చి మట్టిచొక్కా పక్కన నిలబడ్డాడు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే టీచరు ఆ భుజాన్నీ ఈ భుజాన్నీ చూసింది.

"నాదేనండీ," అన్నాడాయన. "ఇంకా చిరగను కూడా లేదు."